మొదటి రోబో బొమ్మ ఏది కొనాలి? గన్‌ప్లా, ట్రాన్స్‌ఫార్మర్లు, చోగోకిన్, రేకు రోబోల మధ్య పోలిక

రోబో బొమ్మ ఒకటి కొందామని ఫోన్ పట్టుకుని కూర్చుంటే గంటలు గడిచిపోతాయి గానీ ఏదీ తేలదు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికేదీ రోబోనే, లక్ష దాటేదీ రోబోనే. గన్‌ప్లా ముక్కలుముక్కలుగా వస్తుంది, మనమే అతికించుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ లారీలా మారుతుంది. లోహంతో చేసిన చోగోకిన్ చూడ్డానికి చిన్నదే, ఎత్తితే బరువు తెలుస్తుంది. రేకు రోబో కీ ఇస్తే కిరకిరమంటూ నడుస్తుంది. వీటన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టి మార్కులు వేయబోతేనే టెన్షన్ మొదలవుతుంది. అందుకే ముందు మీ సంగతి చూసుకోండి, బొమ్మ సంగతి తర్వాత చూద్దాం.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

ఇంటికి తెచ్చాక దాంతో ఏం చేస్తారు? నా దృష్టిలో సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. కొందరికి తయారు చేయడంలోనే సరదా ఉంటుంది, పూర్తయ్యాక పెద్దగా పట్టించుకోరు. కొందరు టీవీ చూస్తూ ఏదో ఒకటి తిప్పుతూ ఉండాలి. కొందరికి షోకేస్‌లో ఉంటే చాలు, రోజూ అటు వెళ్తూ ఒకసారి చూసుకుంటారు. మీరు ఏ రకమో మీకు తెలియకపోతే ఇంట్లో వాళ్లను అడగండి, ఠక్కున చెప్పేస్తారు.

ఊరి గాలి, ఇంటి ఎండ. విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో రేకు బొమ్మకు తుప్పు భయం ఎక్కువ. హైదరాబాద్‌లో పడమటి ఎండ నేరుగా పడే గదిలో తెల్ల ప్లాస్టిక్ కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. ఎండ పడని చోట, తలుపు ఉన్న అద్దాల బీరువా దొరికితే ఏ రకమైనా బతుకుతుంది. తెరిచి ఉన్న అరలో పెడితే మాత్రం వారానికోసారి బ్రష్షు పట్టుకోక తప్పదు.

చేతికొచ్చే ధర. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దీనికితోడు 14 ఏళ్లలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. కాబట్టి జపాన్ ధరను రూపాయల్లోకి మార్చి సంబరపడొద్దు. సుంకం, కొరియర్, అమ్మేవాడి లాభం కలిపాక నిలిచే అంకె చూడండి. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసు చాలామందికి దిక్కే గానీ, అందులో పచ్చళ్లతో పోటీపడి చోటు సంపాదించాలి. మోడల్ కిట్ అయితే అట్టపెట్టె మడిచేసి లోపలి సంచులు మాత్రం తెప్పించుకోవచ్చు. మెటల్ బొమ్మకు, రేకు బొమ్మకు ఆ వీలు లేదు. పెట్టె పోతే తిరిగి అమ్మినప్పుడు ధర పడిపోతుంది.

ఇంట్లో చిన్నపిల్లలు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, సేకరణ కోసం చేసిన రోబోల్లో చాలావాటిని నాలుగేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వలేం. ఊడిపోయే చిన్న ముక్కలు, స్ప్రింగుతో ఎగిరే పిడికిళ్లు, పదునైన రేకు అంచులు ఉంటాయి. పెట్టె మీద 15 ఏళ్లు పైబడినవారికి అని రాసి ఉంటే అది ఊరికే రాసింది కాదు.

## ఒక్క చూపులో

| రకం | చేతికి పని | ఎత్తు | జాగ్రత్త పడాల్సింది | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| గన్‌ప్లా | కోయడం, అతకడం, నిలబెట్టడం | 13 నుంచి 30 సెం.మీ. | సన్నని కొమ్ములు, కీళ్లు | ఓపిక, సాయంత్రం ఖాళీ ఉన్నవాళ్లకు |
| ట్రాన్స్‌ఫార్మర్లు | రూపం మార్చడం, మళ్లీ మార్చడం | తరగతిని బట్టి | వదులయ్యే కీళ్లు, నకిలీలు | చేతులు ఊరుకోనివాళ్లకు, పెద్ద పిల్లలకు |
| చోగోకిన్ | పట్టుకోవడం, భంగిమలు | ఎక్కువగా 15 నుంచి 30 సెం.మీ. | రంగు పెచ్చులు, ధర | పాత జపాన్ రోబోల అభిమానులకు |
| రేకు రోబో | కీ ఇవ్వడం, చూడడం | 12 నుంచి 38 సెం.మీ. | తుప్పు, బ్యాటరీ కారడం | షోకేస్ ప్రేమికులకు |
| ప్రింట్లు, డిజైనర్ బొమ్మలు | ఏమీ లేదు | రకరకాలు | ఎండ, హైప్ ధర | గోడ ఖాళీగా ఉన్నవాళ్లకు |

## గన్‌ప్లా: కష్టపడి కట్టుకునే రోబో

గన్‌ప్లా అంటే గండమ్ ప్లాస్టిక్ కిట్. గండమ్ అనే జపాన్ కార్టూన్ సీరియల్ 1979 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. 52 భాగాలు అనుకున్నది 43తో ముగించేశారు. 1980 జులైలో బందాయ్ కంపెనీ అందులోని ఆర్‌ఎక్స్-78-2 రోబోను 300 యెన్‌ల ప్లాస్టిక్ కిట్‌గా వదిలింది. పునఃప్రసారాలు, కిట్లు ఒకదానికొకటి ఊపునిచ్చి, ఆగిపోయిన సీరియల్ నలభై ఏళ్ల వ్యాపారంగా మారింది. ఇప్పటికీ ఈ కిట్ల తయారీకి కేంద్రం జపాన్‌లోని షిజువోకా నగరమే.

పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలు కనిపిస్తాయి. వాటినే రన్నర్లు అంటారు. ముక్కలన్నీ వాటికి సన్నని కాడలతో అంటుకుని ఉంటాయి. ఏ ముక్క ఏ రంగులో ఉండాలో చాలావరకు ఆ రంగు ప్లాస్టిక్‌లోనే వస్తుంది కాబట్టి పెయింట్ అక్కర్లేదు. జిగురూ అక్కర్లేదు, ముక్కలు ఒకదానిలో ఒకటి నొక్కుకుంటాయి.

అసలు నైపుణ్యమంతా ఆ కాడ కోయడంలో ఉంది. ముక్కకు ఆనించి ఒకేసారి కోశారంటే ప్లాస్టిక్ సాగి అక్కడ తెల్ల మచ్చ పడుతుంది. ముదురు నీలం, ఎరుపు ముక్కల మీద ఆ మచ్చ దూరం నుంచే కనిపిస్తుంది. ముందు కాస్త దూరంగా కోసి ముక్కను విడదీయాలి, మిగిలిన మొలకను రెండోసారి సన్నగా కోయాలి, చివరికి గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దాలి. మచ్చ పడితే గోటితో గట్టిగా రుద్దినా కొంత తగ్గుతుంది. వంద ముక్కలకు ఇదే పని. వినగానే విసుగనిపిస్తే ఈ దారి మీది కాదు. వినగానే చేతులు దురద పెడితే ఇంకేమీ ఆలోచించకండి.

గ్రేడ్ల దగ్గరే కొత్తవాళ్లు తికమకపడతారు. ఎంట్రీ గ్రేడ్ కిట్‌కు పనిముట్లే అక్కర్లేదు, ముక్కలు చేత్తో విరిచినా శుభ్రంగా వస్తాయి. ఆర్‌ఎక్స్-78-2 ఎంట్రీ గ్రేడ్ 2020లో 700 యెన్‌లకు వచ్చింది. హై గ్రేడ్ 1990లో మొదలైంది, 1/144 కొలత (అంటే కథలోని రోబో ఎత్తులో 144వ వంతు), పూర్తయితే సుమారు 13 సెంటీమీటర్ల ఎత్తు. మాస్టర్ గ్రేడ్ 1995లో వచ్చింది, 1/100 కొలత, లోపల అస్థిపంజరం లాంటి చట్రం కట్టి దానిపై కవచం తొడగాలి. 2010 నాటి రియల్ గ్రేడ్ చూడ్డానికి హై గ్రేడ్ అంతే ఉంటుంది గానీ ముక్కలు చీమ తలలంత. చిన్నది కదా అని మొదటిసారే దాన్ని కొనేవాళ్లు ఎక్కువ, సగంలో వదిలేసేవాళ్లూ ఎక్కువ. పర్ఫెక్ట్ గ్రేడ్ 1998లో మొదలైంది, 1/60 కొలత. 2020లో వచ్చిన పర్ఫెక్ట్ గ్రేడ్ అన్‌లీష్డ్ ఆర్‌ఎక్స్-78-2 పన్ను కలపకుండానే 25,000 యెన్‌లు. దాన్ని మొదటి కిట్‌గా కొనడం అనవసరం.

నా సలహా: ఒక ఎంట్రీ గ్రేడ్, నచ్చితే ఒక హై గ్రేడ్. కిట్ డబ్బుతో పాటు కాడలు కోసే మంచి నిప్పర్‌కు వేరే పెట్టుకోండి. ఎలక్ట్రీషియన్ వైర్లు కోసే కట్టర్‌తో పని నడిపేద్దాం అనుకుంటే మచ్చలు ఖాయం. గీతలు ముదురుగా కనిపించేలా చేసే ఎనామెల్ ద్రవాన్ని ఒత్తిడి పడే కీళ్ల దగ్గర తడిపితే ప్లాస్టిక్ చిట్లుతుంది, మొదట్లో మార్కర్ పెన్నుతో సరిపెట్టుకోండి. మెరుపు చంపే మ్యాట్ స్ప్రే కొట్టాలంటే పొడి రోజు చూసుకోండి. వానాకాలంలో తేమగాలిలో కొడితే బొమ్మంతా తెల్లగా బూడిద పూసినట్టు అవుతుంది. కోస్తా జిల్లాల వాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

చాలా కిట్లలో తల మీది కొమ్ముల చివర చిన్న బుడిపెలు ఉంటాయి. గుచ్చుకోకుండా పెట్టిన రక్షణ అది. అందం కోసం సేకర్తలు వాటిని కోసేస్తారు. ఇంట్లో పిల్లలుంటే వదిలేయండి, కొంపేమీ మునగదు.

ఒక లోటు ఉంది. కట్టేసిన కిట్‌కు తిరిగి అమ్మితే పెద్దగా ధర రాదు. మీరు కొంటున్నది కొన్ని సాయంత్రాలు, చివర్లో బొమ్మ కొసరు.

## ట్రాన్స్‌ఫార్మర్లు: చేతులు ఊరుకోనివాళ్లకు

వీటి పుట్టుక జపాన్‌లోనే. టకారా కంపెనీ 1980లో మొదలుపెట్టిన డయాక్లోన్, ఆ తర్వాతి మైక్రో చేంజ్ బొమ్మలను అమెరికా కంపెనీ హాస్‌బ్రో తీసుకుని 1984లో కొత్త పేర్లతో అమ్మింది. డయాక్లోన్‌లో అవి లోపల చిన్న మనిషి కూర్చుని నడిపే యంత్రాలు. వాటికి ప్రాణం, పేరు, గొడవలు ఇచ్చింది అమెరికా వాళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ల కథానాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ కూడా అంతకుముందు డయాక్లోన్‌లో బ్యాటిల్ కాన్వాయ్‌గా ఉన్న బొమ్మే.

ఈ బొమ్మల్లో ప్రతిదీ ఒక రాజీ. లారీ అందంగా ఉండాలంటే రోబో వీపు మీద మూట మోయాలి. రోబో నాజూకుగా ఉండాలంటే లారీ పలకలు సరిగ్గా అతకవు. రెండూ బాగుండాలంటే ముక్కలు పెరుగుతాయి, మడతలు పెరుగుతాయి, ధరా పెరుగుతుంది. అందుకే మీకు ఏ రూపం ముఖ్యమో ముందే అనుకోండి. ఎక్కువకాలం రోబోగానే నిలబెట్టేవాళ్లు కారు పలకల మధ్య సందుల గురించి బాధపడడం దండగ.

దుకాణాల్లో దొరికే మామూలు వరుసలో డీలక్స్, వాయేజర్, లీడర్ అని తరగతులుంటాయి, పేరు మారేకొద్దీ సైజూ ధరా పెరుగుతాయి. నన్నడిగితే వాయేజర్ సరైన మధ్యమార్గం. చేతి నిండా ఉంటుంది, రూపం మార్చడం రెండోసారికే చేతికి అలవాటవుతుంది. 2003లో మొదలైన మాస్టర్‌పీస్ వరుస వేరే లోకం. కార్టూన్‌లో ఉన్నట్టే కనిపించాలని పట్టుబట్టి చేస్తారు. వాటిని మార్చేటప్పుడు మొదటిసారి కాగితం పక్కన పెట్టుకుని, ఏ పలక ముందు లేపాలో చూసుకుంటూ, విరుగుతుందేమోనని భయపడుతూ చేయాలి. కొన్ని వారాలకే చాలామంది వాటిని మార్చడం మానేసి అలమరలో పెట్టేస్తారు. అలాంటప్పుడు ఆ ధరలో మూడొంతులు వాడని మడతలకు పెట్టినట్టే.

పాతవి కొనేవాళ్లకు కొన్ని సంగతులు. 1984 నాటి ఆప్టిమస్ పిడికిళ్లు విడిగా తగిలించేవి, కాబట్టి ముందు పోయేది అవే. ఫొటోలో చేతులు లోపలికి ఉన్నట్టు కనిపిస్తే పిడికిళ్లు ఉన్నాయా అని అడగండి. 1980ల చివరి నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన, బంగారు రంగు మెరుపు కలిపిన ప్లాస్టిక్ బొమ్మలు ఎంత జాగ్రత్తగా ఉంచినా కాలక్రమంలో బిస్కెట్‌లా పొడిపొడి అవుతాయి. పెట్టె తెరవనివీ దీనికి మినహాయింపు కాదు. ఎంత చవకగా వచ్చినా వద్దు.

నకిలీల్లోనూ తేడాలున్నాయి. అసలు అచ్చును కాపీకొట్టి, కొన్నిసార్లు సైజు పెంచి అమ్మేవి ఒక రకం. లైసెన్స్ లేకుండా సొంత డిజైన్‌తో, పేరు మార్చి అమ్మే థర్డ్ పార్టీ బొమ్మలు ఇంకో రకం. రెండోవాటి నాణ్యత కొన్నిసార్లు అసలు కంపెనీనే సిగ్గుపడేలా చేస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. అవి కొనడం సబబా అన్నది ఎవరి మనసుకు వాళ్లు చెప్పుకోవాలి. మొదటి రకాన్ని అసలు ధరకు కొనకుండా చూసుకోండి, అంతే.

## చోగోకిన్: బరువే అందం

జపాన్ కామిక్స్ రచయిత గో నగాయ్ సృష్టించిన మాజింగర్ జీ అనే రోబో 1972లో కామిక్ కథగా వచ్చింది. బందాయ్ అనుబంధ కంపెనీ పోపీ 1973లో దాన్ని సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ బొమ్మగా అమ్మింది, 1974లో అరచేతిలో పట్టే లోహపు బొమ్మగా. ఆ రెండోదే చోగోకిన్. జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసిన ఒళ్లు, మీట నొక్కితే ఎగిరే పిడికిలి. అప్పటి పిల్లలు పెద్దయి జీతాలు తెచ్చుకునే వేళకు, 1997లో, సోల్ ఆఫ్ చోగోకిన్ పేరుతో అదే మాజింగర్ మళ్లీ వచ్చింది. ఈసారి ధర పెద్దవాళ్లకు తగ్గట్టే.

మన దగ్గర 1980లలో దూరదర్శన్‌లో జెయింట్ రోబో చూసిన తరానికి ఈ వాలకం వెంటనే తాకుతుంది. పెద్ద భుజాలు, మొద్దు కాళ్లు, మొహంలో గాంభీర్యం. గండమ్ వాళ్లకు పనిముట్టులా, ట్రాన్స్‌ఫార్మర్ కారులా కనిపిస్తే, ఇది హీరోలా కనిపిస్తుంది.

లాభం ఏంటంటే పెట్టె తెరవగానే బొమ్మ సిద్ధం. కోయడాలు, అతకడాలు లేవు. నష్టం ఏంటంటే లోహం మీద రంగు కీళ్ల దగ్గర రాసుకుని పెచ్చులు లేస్తుంది, పై సగం బరువైన బొమ్మకు చీలమండ వదులైతే ముందుకు వాలుతుంది. వరుస వరుసగా అద్దం మీద పడితే ఆ నష్టం బొమ్మది కాదు, అద్దానిది. ఎన్ని కొనగలరో ముందే లెక్కేసుకోండి. ఏడాదికి ఒకటి అన్నది చాలామందికి సరిపోయే పద్ధతి.

## రేకు రోబోలు: చూపుకు పండగ, బీచ్ ఇంటికి తంటా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ బొమ్మల పరిశ్రమ రేకుతోనే లేచింది. 1945 నుంచి 1952 వరకు అమెరికా ఆక్రమణలో ఉన్నప్పుడు ఎగుమతికి తయారైన చాలావాటి మీద ఆ సంగతి ముద్రించి ఉంటుంది. 1950ల చివరి నుంచి మసుదాయ కంపెనీ చేసిన ఐదు పెద్ద రోబోలను సేకర్తలు గ్యాంగ్ ఆఫ్ ఫైవ్, అంటే ఐదుగురి ముఠా అని పిలుస్తారు. ఒక్కొక్కటి సుమారు 38 సెంటీమీటర్లు, స్కర్టు తొడిగిన పెట్టెలా ఉంటాయి. వాటిలో మెషిన్ మ్యాన్ అన్నిటికంటే అరుదు. హొరికావా అనే మరో కంపెనీ రోబోలైతే నడుస్తూ ఆగి, ఛాతీ తలుపులు తెరిచి, తుపాకులు చూపిస్తూ నడుము తిప్పుతాయి. యోకొహామాలో 1986 నుంచి తెరుహిసా కితహారా అనే సేకర్త నడిపే రేకు బొమ్మల మ్యూజియం ఉంది. జపాన్ వెళ్లేవాళ్లు కొనేముందు ఒకసారి అక్కడ కళ్లకు పని చెబితే మంచిది.

చదునైన రేకు మీద ముందే బొమ్మ అచ్చేసి, తర్వాత వంచి, అంచుల్లోని చిన్న నాలుకలను రంధ్రాల్లో దూర్చి మడిచేవారు. పాతది కొంటున్నప్పుడు చూడాల్సింది ఆ నాలుకలనే. ఒక్కసారి మడిచిన నాలుక నునుపుగా ఉంటుంది. విప్పి మళ్లీ మడిచిందైతే మడత దగ్గర రంగు పగిలి లోపలి లోహం మెరుస్తుంది, అంటే లోపల ఎవరో చేయి పెట్టారని అర్థం. తర్వాత బ్యాటరీ గది మూత తీయమనండి. పచ్చగా తెల్లగా పేరుకున్న పొడి కనిపిస్తే సెల్ కారిందన్నమాట. మూత తీయనంటే బేరం అక్కడే ఆపేయండి.

మొదటిసారి కొనేవాళ్లకు పాతవి వద్దంటాను. కీ ఇచ్చే కొత్త రీప్రొడక్షన్లు చవకగానే దొరుకుతాయి, టేబుల్ మీద నడిపిస్తే అదే కిరకిర. కాకపోతే వాటిని పాతవని అమ్మేవాళ్లున్నారు. పెట్టె మీద బార్‌కోడ్ ఉన్నది 1950ల బొమ్మ కాదు. సముద్రం దగ్గర ఉండేవాళ్లు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, మూత బిగిసే అద్దాల పెట్టెలో ఉంచండి. అది కుదరకపోతే ప్లాస్టిక్ వైపు వెళ్లండి.

## ప్రింట్లు, డిజైనర్ బొమ్మలు

వెండిలా మెరిసే రోబోల చిత్రాలకు పేరుపడ్డ జపాన్ చిత్రకారుడు హజిమె సొరయామా. 1999లో సోనీ తెచ్చిన ఐబో రోబో కుక్క రూపం గీసింది ఆయనే. మెడికామ్ టాయ్ అనే జపాన్ కంపెనీ 2001లో మొదలుపెట్టిన బేర్‌బ్రిక్ ఎలుగుబంట్లలోనూ ఆయన రోబోలు వచ్చాయి. బేర్‌బ్రిక్ సైజులు శాతాల్లో చెబుతారు: 100 శాతం అంటే 7 సెంటీమీటర్లు, 400 అంటే 28, 1000 అంటే 70. వీటితో చేతికి పనేమీ లేదు, ధరలో ఎక్కువ భాగం పేరుకే. ప్రింట్ కొంటే ఫ్రేమ్ ఖర్చు కలుపుకోండి, ఎండ గోడకు తగిలించకండి. ఇంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఉత్సాహం లేదు.

## మీరు వీళ్లలో ఎవరు?

కాలేజీ విద్యార్థి, హాస్టల్ గది. ఎంట్రీ గ్రేడ్ గండమ్. పనిముట్లు వద్దు, చోటు వద్దు, పోయినా ఏడుపు రాదు.

ఎనిమిది, పదేళ్ల పిల్లల తల్లిదండ్రులు. డీలక్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఐఎస్ఐ ముద్ర చూసుకుని. పక్కన కూర్చుని మొదటిసారి మీరే మార్చి చూపండి, రెండోసారి నుంచి వాళ్లే మీకు నేర్పుతారు. గన్‌ప్లాకు ఆగండి, కత్తి పట్టుకునే పని కదా.

నలభై దాటిన దూరదర్శన్ తరం. చోగోకిన్ ఒక్కటి. రెండోది ఏడాది తర్వాత ఆలోచించండి.

అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్లు. ఇక్కడి సుంకాల గొడవ మీకు లేదు, ఏదైనా సరే. కానీ తిరిగి వచ్చే ఆలోచన ఉంటే పెట్టెలు పారేయకండి, సామాను సర్దేటప్పుడు తెలుస్తుంది.

ధర పెరుగుతుందని కొనేవాళ్లు. కంపెనీలు గిరాకీ ఉన్న బొమ్మను మళ్లీ అచ్చేస్తాయి. బందాయ్ కిట్ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఇవాళ రెట్టింపు పలికేది రీప్రింట్ రాగానే మామూలు ధరకు దిగుతుంది. ఆ డబ్బు ఇంకెక్కడైనా పెట్టండి.

బహుమతి ఇద్దామనుకునేవాళ్లు. తెలియని మనిషికి కిట్ ఇవ్వకండి, అది పని చెప్పినట్టు అవుతుంది. వాయేజర్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ కీ ఇచ్చే రేకు రోబో గానీ ఇవ్వండి. వాళ్ల దగ్గర ఇప్పటికే కొన్ని ఉంటే అలమర ఫొటో ఒకటి తెప్పించుకుని, ఏ పాత్ర లేదో చూసుకుని, బిల్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అదే బొమ్మ రెండోది వచ్చిందంటే మార్చుకోవడానికి పనికొస్తుంది.